బస ఏ పేటలో?

పరాయి ఊరికి పోయేవాడు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "దిగవలసింది ఎక్కడ?" ఇది చాలా చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. చేతిలో ఉన్న డబ్బునుబట్టి, చేయవలసిన పనినిబట్టి, తెలిసినవాళ్ళు ఉండడాన్నిబట్టి తేలిపోయే సంగతి అనుకుంటాం. కాని చారిత్రక దృష్టితో పరిశీలించినట్లయితే, ఒక నగరంలో ఏ పేట "మంచిది", ఏ పేట "చెడ్డది" అన్న నిర్ణయం బాటసారి చేసేది కాదని తెలుస్తుంది. అతడు రైలు దిగకముందే, ఒక్కొక్కసారి అతడు పుట్టకముందే, ఆ తీర్పు జరిగిపోయి ఉంటుంది. తీర్పు చెప్పినవారు పాలకులు, స్థలాల యజమానులు, కులపెద్దలు, పెద్ద వ్యాపారులు. బాటసారి ఆ తీర్పును తన సొంత అభిరుచి అనుకొని సంతోషపడతాడు.

కామారెడ్డిలో చరిత్ర పాఠాలు చెప్పుకొనే నాకు ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. పోటీ పరీక్షలకు హైదరాబాదు పోయే విద్యార్థి అడుగుతాడు. గల్ఫుకు విమానమెక్కే ఎల్లారెడ్డి రైతుకూలీ అడుగుతాడు. యూరపులో పైచదువు చదువుతూ, సెలవుల్లో స్పెయిన్ దేశపు బార్సిలోనా నగరం చూడబోతున్న విద్యార్థిని కూడా అడుగుతుంది. ముగ్గురికీ వేర్వేరు ఊళ్ళు, వేర్వేరు అవసరాలు. అయినా ముగ్గురికీ చెప్పవలసిన జవాబు ఒకే చరిత్రలోనుంచి రావాలని నా ఉద్దేశం.

అతిథి మర్యాద ఎవరి ఖర్చుతో?

మన పల్లెల్లో బాటసారికి ఆదరణ ఉండేదనీ, పట్నం వచ్చాక అది పోయిందనీ కొందరు పెద్దలు వాపోతుంటారు. ఈ మాటలో సగమే నిజం. నిజాం పాలనలో తెలంగాణా గ్రామానికి వచ్చే "పెద్ద" అతిథి దౌరా మీద వచ్చే అధికారి. ఆయన బస గడిలోనో, ముసాఫర్ బంగళాలోనో. ఆయన వస్తున్నాడంటే ఊరంతా కదలవలసిందే. కుమ్మరి కుండలు తేవాలి, చాకలి బట్టలు ఉతికి గిన్నెలు తోమాలి, గొల్ల గొర్రెను ఇవ్వాలి, గౌండ్ల కల్లు పంపాలి, కోమటి సరుకు ఇవ్వాలి, మాలమాదిగలు మూటలు మోయాలి. దీనికి కూలి లేదు. దీని పేరు వెట్టి. అధికారి కంటికి ఆ ఊరు అతిథి మర్యాదకు పెట్టింది పేరు. మర్యాద చేసినవాడికి ఆ పూట పొయ్యిలో పిల్లి లేచిందో లేదో ఆయనకు తెలియదు.

అదే ఊరికి కాలినడకన వచ్చే కూలివాడికీ, అమ్మకానికి గంప నెత్తిన పెట్టుకొని వచ్చే ఆడమనిషికీ బస ఎక్కడ? తన కులంవాళ్ళ వాడలో. ఊరికి రెండు ముఖాలుండేవి: ఊరు, వాడ. బాటసారి అడుగు ఏ దిక్కుకు తిరగాలో అతని పుట్టుక చెప్పేది. "మీరేమిటోళ్ళు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా అరుగు మీద కూర్చోవడానికి వీలుండేది కాదు. కాబట్టి పేటల ఎంపిక నగరంతో పుట్టిన సమస్య కాదు. పల్లె దానిని నగరానికి సాగనంపింది.

మా ప్రాంతంలోనే మరొక దృష్టాంతం ఉంది. 1923లో మంజీర మీద నిజాంసాగర్ నిర్మాణం మొదలై 1931లో ముగిసింది. దానికోసం సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించారు. ఈనాడు ప్రాజెక్టు చూడబోయేవారు అక్కడి బంగళాలను చూసి "ఎంత చక్కని బస!" అంటారు. అది నిజమే, ఆ నీరు మన పొలాలకు బువ్వ పెట్టిందనేదీ నిజమే. కాని ఒకచోట బంగళా లేవడానికీ, మరొకచోట 40 ఊళ్ళ పొయ్యిలు ఆరడానికీ ఉన్న సంబంధం చెప్పని చరిత్ర అరకొర చరిత్ర.

నది అవతల, నది ఇవతల

ఇక పట్నానికి వద్దాం. హైదరాబాదు 1591లో వెలసింది. అంతకుముందే, 1578లో, గోలకొండ ప్రభువు ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద వంతెన కట్టించాడు. దానినే మనం పురానాపూల్ అంటున్నాం. 17వ శతాబ్దిలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే రాసిన సంగతి పేటల చరిత్రకు చాలా విలువైనది. అసలు నగరంలో ఉండేవారు ప్రభువులు, రాజోద్యోగులు, సైనికులు. వర్తకులు, దళారులు, చేతిపనివాళ్ళు, సామాన్య జనం నది అవతలి శివారులో ఉండేవారు. పొద్దున పదీ పదకొండు గంటలవేళ వాళ్ళు వంతెన దాటి వచ్చి, పరదేశి వర్తకులతో బేరాలు చేసుకొని, సాయంకాలానికి తిరిగి శివారుకు పోయి పడుకొనేవారు. ఆ శివారులోని రెండు మూడు మసీదులు పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడేవట.

అంటే, పగటిపూట నగరానికి వీళ్ళ చేతులు కావాలి. రాత్రిపూట వీళ్ళ శరీరాలు అక్కరలేదు. సంపదను సృష్టించేవాడు నది అవతల, దానిని అనుభవించేవాడు నది ఇవతల. ఈనాడు పొద్దున బస్సుల్లో వేలాడుతూ వచ్చి, మేడలు కట్టి, గచ్చులు తుడిచి, రాత్రికి నగరపు అంచులకు చేరుకొనే కూలిజనాన్ని చూసినప్పుడు టావెర్నియే చూసిన దృశ్యం మూడున్నర శతాబ్దాలనాటిది మాత్రమే అనిపించదు. వంతెనలు పెరిగాయి. దాటవలసిన దూరమూ పెరిగింది.

19వ శతాబ్ది ఆరంభంలో ఈ పటంలోకి మరొక శక్తి ప్రవేశించింది. మూసీ ఉత్తరపు ఒడ్డున బ్రిటిషు రెసిడెన్సీ భవనం లేచింది. దాని చుట్టూ రెసిడెన్సీ బజారు పెరిగింది. 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదు దండుబజారు వెలసింది. ఇవి కేవలం పేటలు కావు, వేరే అధికారపు దీవులు. రెసిడెన్సీ బజార్ల పాలన 1933లో మాత్రమే నిజాముకు తిరిగి వచ్చింది. అప్పుడే అది సుల్తాన్ బజారు అయింది.

ఇక్కడ పాఠకులు ఒక వైరుధ్యాన్ని గమనించాలి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ నాయకత్వంలో ప్రజలు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. పరాయి పాలనకు అది కోట. కాని అదే రెసిడెన్సీ నీడలో, 1901 సెప్టెంబరు 1న, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు మొదలైనవారు ఆ చోటు చూసుకోవడం యాదృచ్ఛికం కాదు. నిజాం హుకుములు నేరుగా నడవని ఆ బజారులో నాలుగు పుస్తకాలు పోగుచేయడానికీ, నలుగురు కూర్చోవడానికీ కొంత సందు దొరికింది. ఆ సందు ఆంగ్లేయుడు దయతో ఇచ్చింది కాదు. ఇద్దరు ప్రభువుల సరిహద్దు గీత మీద ప్రజలు దొరకపుచ్చుకొన్న చోటు అది. పల్లెనుంచి వచ్చిన చదువరికి ఆ పేటలో బస అంటే తిండి, పడకలతో పాటు ఒక తెలుగు పత్రిక కూడా.

అట్లాగని ఆ పేట తెలుగువాడికి పూర్తిగా సొంతమైందని అనుకోరాదు. 1921 నవంబరు 12న అక్కడి వివేకవర్ధినీ ప్రాంగణంలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోనుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. "మంచి పేట"లో ఉన్నంతమాత్రాన నోరు దొరకదనీ, నోరు కూడగట్టుకోవలసిందేననీ ఆ సంఘటన నేర్పింది.

రైలు దిగినవాడి గతి

19వ శతాబ్ది ముగిసి 20వది మొదలయ్యేనాటికి సికింద్రాబాదునుంచి మన్మాడుకు మీటరు గేజి రైలు పడింది. కామారెడ్డి ఆ దారిలో ఒక స్టేషను. 1916లో కాచిగూడ స్టేషను వచ్చింది. రైలు కులమడగదు, టిక్కెట్టు అడుగుతుంది. ఇది చిన్న మార్పు కాదు. ఊరివాడూ వాడవాడూ ఒకే బండిలో ఒకే చెక్క మీద కూర్చోవలసి వచ్చింది. కాని బండి దిగిన తర్వాత పాత పటమే మళ్ళీ పరుచుకొనేది. బెల్లం వ్యాపారి అడ్తిదుకాణం మేడమీద దిగేవాడు. దేశ్‌ముఖు తన బంధువుల దేవిడీలో దిగేవాడు. చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడు కులం హాస్టలు వెతుక్కొనేవాడు. ఏదీ లేనివాడికి సరాయి. నాంపల్లి స్టేషనుకు ఎదురుగా 1919లో కట్టిన సరాయి అటువంటిదే. రైలు దిగిన పేదవాడికి నడకదూరంలో, చవకగా తలదాచుకొనే చోటు ప్రభుత్వం కట్టవలసిన బాధ్యత ఉన్నదని ఒక రాచరికం కూడా అంగీకరించక తప్పలేదన్నమాట.

కులం హాస్టళ్ళను గురించి మనవాళ్ళలో రెండు అతివాదాలున్నాయి. వాటిని ఆకాశానికెత్తేవారు కొందరు. కులతత్వపు గూళ్ళని కొట్టిపారేసేవారు కొందరు. రెండూ చరిత్రకు న్యాయం చేయవు. 1918లో నగర కొత్వాలు వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు ఏర్పడింది. పల్లెలనుంచి వచ్చిన పిల్లలకు అది నీడనిచ్చింది. గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టలు నిర్వహణలో ఉన్నాడు. అక్కడ బసచేసి చదివిన రావి నారాయణరెడ్డి తర్వాత భూస్వాముల కూటములకు సవాలుగా నిలిచి తెలంగాణా రైతాంగ పోరాటానికి నాయకుడయ్యాడు. ఒక కులం కోసం కట్టిన గోడలమధ్య కులాన్ని దాటే ఆలోచన మొలకెత్తింది. గతితర్కం అంటే ఇదే.

అయితే ఎవరికి హాస్టలు కట్టడానికి చందాలిచ్చే ధనవంతులు లేరో, వాళ్ళ మాటేమిటి? చందా ఇవ్వగల కులానికే నగరంలో నాలుగు గదులు. చందా ఇవ్వలేని కులానికి నగరం ఒక మూసిన తలుపు. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, ఈసామియా బజారు, లింగంపల్లి వంటి చోట్ల దళితుల పిల్లలకు బడులు నడిపిన చరిత్రను ఈ వెలుగులో చదవాలి. అతడు చేసింది విద్యాదానం మాత్రమే కాదు. నగరపు నడిబొడ్డున తనవాళ్ళకు కాలు మోపే చోటు సంపాదించడం అది. ఆడపిల్లల విషయమూ ఇట్లాంటిదే. మాడపాటి హనుమంతరావు 1928లో బాలికల కోసం తెలుగు ఉన్నత పాఠశాల నెలకొల్పేదాకా, పల్లెనుంచి ఒక ఆడపిల్లను హైదరాబాదులో తెలుగులో చదివించడానికి పంపాలనుకొనే తండ్రికి ఎటుచూసినా ఆటంకమే.

పేటల మంచిచెడ్డలను ప్రకృతి నిర్ణయిస్తుందని కొందరంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టనబెట్టుకొంది. మునిగినవి ప్రధానంగా పల్లపు పేటలు. పల్లంలో ఇల్లు కట్టుకోవాలన్న కోరిక ఎవరికుంటుంది? మిట్ట దొరకనివాడికి పల్లమే గతి. వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాలతో జలాశయాలు వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి ఇరుకు బస్తీలను తీసివేసి, వీధులు వెడల్పు చేసి, కొన్ని ఇళ్ళు కట్టింది. అది చేసిన మేలును కాదనడానికి వీల్లేదు. కాని వెడల్పయిన వీధిలో దుకాణం ఎవరికి దక్కింది, కూలిన గుడిసెవాడు ఎక్కడికి పోయాడు అన్న రెండు ప్రశ్నలను ప్రతి "అభివృద్ధి"కీ వేయడం మన అలవాటు కావాలి.

బార్సిలోనా మాట

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. యాత్రాదర్శినులు బార్సిలోనాను పంచిపెట్టే తీరు ఇది: పాత అందం కావాలంటే గోథిక్ పేట, విశాలమైన వీధులు కావాలంటే ఎషాంప్లా, సముద్రం కావాలంటే బార్సిలోనెతా, రావాల్‌లో మాత్రం రాత్రి జాగ్రత్త. ఒక్కొక్క ముక్కనూ చరిత్రముందు నిలబెడదాం.

1854లో ఆ నగరం చుట్టూ ఉన్న కోటగోడలను కూల్చడం మొదలుపెట్టారు. అప్పటిదాకా కార్మికులు గోడలలోపల ఊపిరాడని ఇరుకులో జబ్బులపాలై చచ్చేవారు. ఇల్డెఫాన్స్ సెర్దా అనే ఇంజనీరు కార్మికుల జీవన పరిస్థితులను ఇల్లిల్లూ లెక్కగట్టి, గోడల అవతల కొత్త నగరానికి పటం గీశాడు. ప్రతి చతురస్రమూ సమానం, మధ్యలో తోట, గాలీ వెలుతురూ అందరికీ సమానం. అదే ఎషాంప్లా. కాని స్థలాల వ్యాపారులు ఆ తోటలను కట్టడాలతో నింపారు. కార్మికుడి ఆరోగ్యం కోసం పుట్టిన పటం ధనికుల మేడలకు పునాది అయింది. ఇక "ప్రాచీన" గోథిక్ పేట: అందులో నిజంగా పాతవి ఉన్నాయి, కాని యాత్రికులు ముచ్చటపడి ఫోటోలు తీసుకొనే వంతెన 1928లో కట్టింది. 1929 ప్రపంచ ప్రదర్శనకు వచ్చేవారికి చూపడానికి ఆ పేటకు ప్రాచీనత్వాన్ని తొడిగారు. రావాల్ "ప్రమాదకరం" అంటారు. అది ఒకప్పటి మిల్లు కార్మికుల పేట, ఈనాడు పాకిస్తాను, బంగ్లాదేశ్, భారత దేశాలనుంచి పోయిన శ్రామికులు ఉండే పేట. ప్రమాదం అన్న మాటకు అర్థం చాలాసార్లు పేదరికం అనే.

ఆ నగరానికి మరొక జ్ఞాపకం కూడా ఉంది. 1919లో తెరిచిన రిట్జ్ హోటలు అక్కడి సంపన్నుల విడిది. 1936 జూలైలో ఫాసిస్టు తిరుగుబాటును కార్మికులు వీధుల్లో ఓడించిన తర్వాత, ఆ హోటలును కార్మిక సంఘాలు చేతికి తీసుకొని ప్రజల భోజనశాలగా మార్చాయి. ప్రభువు బల్లదగ్గర పాకీవాడు కూర్చున్నాడు. 1938 జూన్‌లో, బాంబులు పడుతున్న ఆ బార్సిలోనాకు కృష్ణమీనన్ తోడుగా జవహర్‌లాల్ నెహ్రూ వెళ్ళి కొన్ని రోజులు ఉన్నాడు. ఆయన బస ఎంచుకోవడంలో "మంచి పేట" ప్రశ్న లేదు. ఎవరి పక్కన నిలబడాలన్నదే ప్రశ్న.

మరి ఈనాడు? యాత్రికులకు రోజుకింత అని అద్దెకిచ్చే ఇళ్ళు పెరిగి, ఆ ఊరి పిల్లలకే ఊళ్ళో గది దొరకని దశ వచ్చింది. 2024 జూలైలో జనం వీధులకెక్కి యాత్రికుల మీద నీటి పిచికారీలు చల్లి నిరసన తెలిపారు. యాత్రికులకిచ్చే 10 వేలకు పైగా ఇళ్ళ అనుమతులను 2028 నవంబరు నాటికి ముగిస్తామని అంతకు కొద్దిరోజుల ముందే నగరపాలకులు ప్రకటించారు. కనుక అమ్మా, నేను చెప్పేది ఇది: ఒక కుటుంబాన్ని ఖాళీ చేయించి యాత్రికుడికిచ్చిన ఇంట్లో దిగవద్దు. అనుమతి ఉన్న హోటల్లోనో, విద్యార్థి వసతి గృహంలోనో దిగు. పొద్దున పనికి పోయేవాళ్ళు టీ తాగే చోటు ఎక్కడుందో చూసి, నడిచి పోగలిగినంత దగ్గరలో ఉండు. రావాల్‌ను తప్పించుకోకు, డబ్బు సంచి భద్రంగా పెట్టుకొని పగలు అక్కడ తిరుగు. నీ మాట తెలిసినవాళ్ళు నీకు అక్కడే దొరకవచ్చు.

మన పిల్లల గదులు

ఈ సలహా బార్సిలోనాకు పోయే ఒకరికి. ఏటా హైదరాబాదు బండి ఎక్కే వేలమంది మాటేమిటి? కామారెడ్డి 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయింది. అయినా ఉద్యోగపు పరీక్షకు తయారు కావాలంటే మన పిల్లవాడు చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లకే పోవాలి. ఎందుకంటే నగర కేంద్ర గ్రంథాలయం అక్కడుంది, శిక్షణ కేంద్రాలు అక్కడున్నాయి. కంప్యూటరు నేర్చేవాడు అమీర్‌పేటకు పోతాడు. గాలి రాని గదిలో నలుగురూ అయిదుగురూ సర్దుకొంటారు. వాళ్ళను "ఈ పేట ఎందుకు ఎంచుకొన్నారు?" అని అడగడం వెటకారమవుతుంది.

ఇంకా ఘోరం మరొకటి ఉంది. నేను చదువుకొనే రోజుల్లో ఒక పేటలో అద్దెగది కోసం పోతే, ఇంటాయన నా చదువు అడగలేదు, జీతం అడగలేదు, ఇంటిపేరు అడిగాడు. తర్వాత ఊరిపేరు. తర్వాత నేరుగా కులం. ఆపైన గది ఖాళీ లేదన్నాడు. బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంది. నా విద్యార్థులు ఇప్పటికీ ఇదే కథ చెబుతున్నారు. ముస్లిం విద్యార్థికి పేరు చెప్పగానే కథ ముగుస్తుంది. ఊరు, వాడ అన్న విభజన సిమెంటు గోడలమధ్య ఎంత నిక్షేపంగా ఉందో చెప్పడానికి ఇంతకన్న రుజువు అక్కరలేదు.

ఇక గల్ఫు కూలీకి ఎంపిక అనే మాటే లేదు. దుబాయి అంచున కార్మికుల శిబిరాలున్న ప్రాంతాన్ని మనవాళ్ళు సోనాపూర్ అంటారు, అంటే బంగారు ఊరు. అక్కడి మంచాన్ని కంపెనీ నిర్ణయిస్తుంది. పొద్దున బస్సు తీసుకుపోతుంది, రాత్రి బస్సు తెచ్చి పడేస్తుంది. తాను కట్టిన మేడల మధ్య ఒక్క రాత్రి కూడా గడపలేడు. టావెర్నియే చూసిన వంతెన సముద్రం దాటిందన్నమాట.

కర్తవ్యం

నేను చెప్పదలచిన సారాంశం ఇది. ఏ ఊళ్ళోనైనా పేటను ఎంచుకొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పేటను ఎవరు కట్టారు? ఈనాడు అక్కడ ఎవరు ఉండగలుగుతున్నారు? మనమిచ్చే అద్దె ఎవరి జేబులోకి పోతుంది? ఈ ప్రశ్నలు వేసుకొన్నవాడు సుఖమైన గది దొరికితే వదులుకోనక్కరలేదు. సుఖం పాపం కాదు. ఆ సుఖం కొందరికే ఎందుకు పరిమితమైందన్నది అతడు మరిచిపోకుండా ఉంటే చాలు.

కాని వ్యక్తి వివేకంతో తీరే సమస్య కాదిది. రాచరికపు కాలంలో స్టేషను ఎదుట సరాయి ఉండేది; ప్రజాస్వామ్యంలో గ్రంథాలయం పక్కన, కులమతాలు అడగని విద్యార్థి వసతి ఎందుకు ఉండకూడదు? జిల్లా కేంద్రాల్లోనే శిక్షణ కేంద్రాలూ పెద్ద గ్రంథాలయాలూ ఎందుకు ఉండకూడదు? గది అద్దెకు ఇవ్వడానికి కులం అడగడం నేరంగా ఎందుకు పరిగణించకూడదు? విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు ఎత్తుకోవలసిన కోర్కెలివి. రచయితలు చేయవలసిన పనీ ఉంది. చార్మినారును, గోలకొండను వర్ణించిన కలాలు మనకు చాలా ఉన్నాయి. చిక్కడపల్లి గదిలో అయిదుగురు పిల్లలు ఒక బల్బు కింద ఎట్లా చదువుకొంటున్నారో రాసిన కలాలు తక్కువ. నగరపు నిజమైన చరిత్ర ఆ బల్బు కింద రాయబడుతున్నది. దానిని రాసుకొంటున్న పిల్లలకు ఊరు నడుమ ఒక కిటికీ ఉన్న గది దొరికేదాకా, ఏ పేట మంచిదన్న ప్రశ్నకు మన సమాజం నిజాయితీగా జవాబు చెప్పలేదు.